సిరిమాను వెనక చెల్లెలు: బొబ్బిలి యుద్ధంలో గెలిచిన ఊరు ఎవరిని గుర్తుపెట్టుకుంది?

దసరా వెళ్ళిన వారంలో మీ ఫోన్లో ఈ రీల్ ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. ఇసక వేస్తే రాలనంత జనం. వాళ్ళ నెత్తి మీదుగా గాల్లోకి లేచిన ఒక పొడవాటి మాను. దాని చివర ఒక కుర్చీ, అందులో కూర్చుని విసనకర్ర ఊపుతున్న పూజారి. కింద నుంచి జనం అరటిపళ్ళు విసురుతుంటారు. అది విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం.

ఆ రీల్ కింద కామెంట్లన్నీ ఒకటే అడుగుతాయి, "ఆయన పడిపోడా?" అని. నాకైతే ఇంకో డౌట్ ఉండేది. ఆయన అసలు ఎవరి కోసం ఎక్కుతున్నాడు? దానికి జవాబు కావాలంటే మనం 1757 జనవరికి వెళ్ళాలి.

బొబ్బిలి యుద్ధం మీకు తెలుసు. 1964లో ఎన్టీఆర్ సినిమా వచ్చింది, 1986లో కృష్ణంరాజు తాండ్ర పాపారాయుడుగా చేశారు. బుర్రకథల సంగతి చెప్పక్కర్లేదు. వాటన్నిట్లో హీరో బొబ్బిలి, విలన్ విజయనగరం. సరే, ఆ విలన్ ఊళ్ళో ఏం జరిగిందో ఎప్పుడైనా ఆలోచించారా?

కథ క్లుప్తంగా చెప్తాను. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచివాళ్ళకి ఇచ్చేశాడు. ఇక్కడ వాళ్ళ తరఫున చక్రం తిప్పినవాడు బుస్సీ. విజయనగరం రాజు పూసపాటి పెద విజయరామరాజు బుస్సీకి బాగా దగ్గరయ్యాడు. పక్కనే ఉన్న బొబ్బిలితో ఆయనకి పాత పగలున్నాయి. సరిహద్దు గొడవలు, నీళ్ళ తగాదాలు, పైగా ఎవరు గొప్ప అనే పంతం. చివరికి బొబ్బిలి వదిలేసి వేరే చోటికి పొమ్మని ఒత్తిడి తెచ్చారు. రంగారావు పోనన్నాడు. 1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగులు బొబ్బిలి మట్టికోట మీద పేలాయి.

ఇక కోట నిలవదని తెలిశాక బొబ్బిలి వీరులు తమ ఆడవాళ్ళని, పిల్లల్ని తమ చేతులతోనే చంపుకున్నారు. ఆ తర్వాత వాళ్ళూ పోరాడుతూ పోయారు. రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు ఆ శతాబ్దంలోనే దీన్ని రాశాడు. యుద్ధాల గురించి పేజీలకి పేజీలు రాసిన మనిషి కూడా ఇక్కడికి వచ్చేసరికి కదిలిపోయినట్టు అనిపిస్తుంది. రంగారావు కొడుకు, చిన్న పిల్లాడు, మాత్రం బతికాడు. ఒక ముసలాయన ఆ పిల్లాణ్ణి తీసుకొచ్చి ఫ్రెంచివాళ్ళకి అప్పగించాడు.

మూడో రాత్రి బొబ్బిలి మనుషులు విజయరామరాజు డేరాలోకి దూరి ఆయన్ని పొడిచి చంపేశారు. జనం నోట ఆ కత్తి తాండ్ర పాపారాయుడిది. సినిమాలో మనం విజిల్ వేసే సీన్ ఇదే.

ఇప్పుడు కెమెరా విజయనగరం వైపు తిప్పుదాం. పైడితల్లమ్మ గుడి సంప్రదాయం చెప్పే కథ ఇలా ఉంటుంది. విజయరామరాజుకి పైడిమాంబ అని ఒక చెల్లెలు ఉంది. అమ్మవారి భక్తురాలు. యుద్ధానికి వెళ్ళొద్దని అన్నగారిని ముందే బతిమాలింది. ఆయన వినలేదు. కోటలో మశూచి, ఆమెకీ సోకింది. అంత జ్వరంలోనూ అన్నకి ఏదో కీడు జరగబోతోందని మనసుకి తట్టి, పతివాడ అప్పలనాయుడు అనే మనిషిని తోడు తీసుకుని బండిలో బయల్దేరింది. ఊరు దాటుతుండగానే అన్న పోయాడన్న కబురు వచ్చింది. అక్కడే కూలిపోయింది. తాను అమ్మవారిలో కలిసిపోతున్నానని, పెద్ద చెరువులో తన విగ్రహం దొరుకుతుందని అప్పలనాయుడికి చెప్పి పోయింది. జాలర్లు చెరువులో వల వేసి వెతికితే విగ్రహం దొరికింది. ఆ ఒడ్డునే గుడి కట్టారు. అదే ఇప్పుడు రైల్వే స్టేషన్ దగ్గరున్న వనంగుడి. ఊరి నడిబొడ్డున, మూడు లాంతర్ల దగ్గర ఉన్నది చదురుగుడి. విగ్రహం దొరికింది 1758లో అని అక్కడ చెప్తారు.

నిజమేనా? ఫ్రెండ్స్, ఇక్కడ రెండు విషయాలు వేరు చేసి చూడాలి. యుద్ధం, విజయరామరాజు హత్య కాగితాల మీద ఉన్న చరిత్ర. పైడిమాంబ కథ మనకి గుడి ద్వారా, నోటి మాట ద్వారా వచ్చింది. రెండింటినీ కలిపి "ఇదంతా ప్రూవ్ అయింది" అని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. నేను అలా చెప్పను.

ఇంకో ముడి కూడా ఉంది. సిరిమాను ఒక్క విజయనగరంలోనే లేదు. మక్కువ దగ్గర శంబర పోలమాంబ జాతరలోనూ సిరిమాను తిరుగుతుంది, అదీ సంక్రాంతి వెళ్ళాక. ఉత్తరాంధ్రలో ఇంకా చాలా పల్లెల్లో ఉంది. వాటికీ బొబ్బిలి యుద్ధానికీ ఏ సంబంధమూ లేదు. పైగా యుద్ధం జరిగింది జనవరిలో, విజయనగరంలో పండగ చేసేది విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. అంటే మాను ఎక్కించే ఆచారం ఆ యుద్ధం కంటే పాతదై ఉంటుందని నా అంచనా. ఊరికి అంత పెద్ద దెబ్బ తగిలాక, అప్పటికే ఉన్న గ్రామదేవత పండగలోకి ఆ దుఃఖం వచ్చి చేరింది.

ఆ పాత ఆచారం ఏమై ఉంటుంది? "సిడి" అనే మాట విన్నారా? మొక్కుకున్న మనిషి వీపు చర్మానికి ఇనప కొక్కెం గుచ్చి, పొడవాటి మాను చివర వేలాడదీసి తిప్పేవాళ్ళు. దక్షిణాదిలో చాలా చోట్ల ఉండేది. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు ప్రభుత్వం దీన్ని ఆపించే పని పెట్టుకుంది. కొన్ని ఊళ్ళల్లో మనిషి బదులు మేకనో, గుమ్మడికాయనో, బొమ్మనో కట్టడం మొదలైంది. సిడిమానే సిరిమాను అయిందని కొందరు పండితులంటారు. నాకూ అదే సబబుగా తోస్తుంది. కొక్కెం పోయి కుర్చీ వచ్చింది. వేలాడే మొక్కుబడి మనిషి పోయి, అమ్మవారి రూపంగా పూజారి కూర్చున్నాడు.

ఇక మాను సంగతి. ఇది నాకు భలే ఇష్టమైన భాగం. పండగకి కొన్ని వారాల ముందు అమ్మవారు పూజారికి కలలో కనపడి, ఫలానా దిక్కున ఫలానా ఊళ్ళో చెట్టు ఉందని చెప్తుందట. అది చింతచెట్టే అయ్యుండాలి. పూజారి వెతుక్కుంటూ వెళ్తాడు. చెట్టు ఎవరి పొలంలో దొరికితే ఆ రైతు అడ్డు చెప్పడు, అదృష్టం అనుకుంటాడు. ఊరంతా వచ్చి పసుపు కుంకాలు పెట్టి పూజ చేశాకే గొడ్డలి పడుతుంది. సిరిమానుకి ఒక చెట్టు, దాన్ని మోసే ఇరుసుమానుకి ఇంకోటి. రెండింటినీ బళ్ళ మీద ఊళ్ళోకి తెస్తుంటే దారి పొడుగునా ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోసి ఎదురొస్తారు. చెక్కడం అయ్యాక మాను యాభై అరవై అడుగుల దాకా ఉంటుంది. పడిపోడా అని అడిగారు కదా? చింత కర్ర గట్టిదనం, వెనక బరువు, తాళ్ళు పట్టుకునే చేతులు, ఇవన్నీ తరాలుగా తెలిసిన లెక్కలు. ఎక్కేది పతివాడ వారి వంశం మనిషే. బండిలో ఆఖరి దాకా తోడున్న అప్పలనాయుడు గుర్తున్నాడు కదా, ఆయన వంశం అన్నమాట.

ముందు రోజు సోమవారం రాత్రి తొలేళ్ళు. అమ్మవారి దగ్గర పెట్టిన ధాన్యం గింజల్ని రైతులకి పంచుతారు. నాలుగు గింజల కోసం తోసుకుంటారు. వాటిని తీసుకెళ్ళి తమ విత్తనాల్లో కలుపుకుంటారు. రాజుల కథ వినడానికి వచ్చినవాళ్ళు కాదు వీళ్ళు, పంట కోసం వచ్చినవాళ్ళు.

మంగళవారం మధ్యాహ్నం సిరిమాను చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం నడుస్తాయి. వాటితోపాటు బెస్తవారి వల. నిజంగా వలే, చెరువులోంచి అమ్మవారిని తీసిన జాలర్లకి ఊరు ఇచ్చే మర్యాద. కోట దగ్గర పూసపాటి కుటుంబం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆలయానికి అనువంశిక ధర్మకర్తలు వాళ్ళే. మాను కోట ముందుకొచ్చి వంగుతుంది. చెల్లెలు పుట్టింటికి వచ్చి అన్న వంశాన్ని దీవించి వెళ్తోందని అక్కడివాళ్ళు అనుకుంటారు. ఆ సీన్ దగ్గర రీల్ తీయడం ఆపి ఒకసారి చుట్టూ ముసలమ్మల మొహాలు చూడండి.

ఇక ఆ రాజ్యం ఏమైందో కూడా చెప్పేస్తాను. విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజు ఫ్రెంచివాళ్ళని వదిలేసి ఇంగ్లీషువాళ్ళని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డు సేన ఫ్రెంచివాళ్ళని ఓడించింది. సర్కారుల్లో ఫ్రెంచి ఆట అక్కడితో చెడింది. కానీ పిలిచినవాళ్ళు తిరిగి పోలేదు. 1794 జులై 10న పద్మనాభం దగ్గర అదే కంపెనీ సేన చేతిలో ఇంకో విజయరామరాజు, అంటే చిన విజయరామరాజు, చనిపోయాడు.

ఇద్దరు విజయరామరాజులు కత్తికీ తుపాకీకీ పోయిన ఊరు అది. ఆ ఊళ్ళో ఏటా మాను ఎక్కి తిరిగేది మాత్రం యుద్ధం వద్దన్న పైడిమాంబ. సిరిమాను అయిన తర్వాతి మంగళవారం పెద్ద చెరువులో తెప్పోత్సవం ఉంటుంది. అప్పటికి జనం పలచబడతారు. వెళ్తే ఆ సాయంత్రం కూడా ఉండి చూసి రండి.