విడిచిన చోటు

పూర్వము మా గ్రామమున రాత్రివేళ పురాణకాలక్షేపము జరుగుచుండెడిది. పౌరాణికుడు ఆనాటి కథ ముగించునప్పుడు తాటాకుల నడుమ ఒక దారపుపోగు నుంచి గ్రంథమును కట్టివేసెడివాడు. మరునాడు ఆ పోగే ఆయనకు దారి చూపెడిది. కంప్యూటరుకు అట్టి పోగును సమకూర్చుటకై మానవులు చేసిన ప్రయత్నముల చరిత్రయే నేటి నా ప్రసంగవిషయము.

దీని యవసరము నాకు అనుభవముచేత తెలిసినది. ఒకనాడు మా చెరువు నీటివంతుల తగాదా తీర్చుటకై విన్నపము వ్రాయుచుంటిని. తెరమీద ఒకచోట విన్నపము, ఒకచోట వంతుల లెక్క, మరియొకచోట తూముల పాత పటము తెరచియుంటిని. హఠాత్తుగా కరెంటు పోయెను. తిరిగి వచ్చిన పిమ్మట చూడగా విన్నపము పదిలముగనే యున్నది. దానిని అప్పుడప్పుడు దాచుచుంటిని గదా! కాని పటములోని ఏ తూమును లెక్కలోని ఏ పంక్తితో సరిచూచుచుంటినో ఆ సంగతి చెదరిపోయెను. వ్రాత మిగిలినది గాని ఆలోచన తెగినది. ఆ పనియంతయు మరల మొదటినుండి చేయవలసివచ్చెను.

ఇట్లేల జరుగును? కంప్యూటరు జ్ఞాపకము రెండు విధములు. ఒకటి గాదెవంటిది, అందు దాచినది కరెంటు లేకున్నను నిలుచును. రెండవది కళ్లమువంటిది. తెరచిన పనులన్నియు అచ్చటనే సాగుచుండును. పూర్వపు యంత్రములలో ఈ కళ్లమును సన్నని అయస్కాంతపు ఉంగరములతో కూర్చెడివారు. వానియందలి గుర్తులు కరెంటు పోయినను నిలిచెడివి. 1970లో ఇంటెల్ సంస్థ 1103 అను చిన్న బిళ్లను అమ్మకమునకు తెచ్చెను. అందు 1024 గుర్తులు పట్టును. చిన్నవియు, చౌకయైనవియు నగుటచే ఈ జాతి బిళ్లలు క్రమముగా ఉంగరముల స్థానము నాక్రమించెను. అయితే ఇవి చిల్లికుండలవంటివి. వీనిలోని విద్యుత్తు కారిపోవుచుండును గావున ఎడతెగక నింపుచుండవలెను. కరెంటు ఆగినచో సర్వము మరచును.

విడిచిన పనిని మరల అందుకొనవలెనను కోరిక అంతకు ముందే పుట్టినది. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఫెర్నాండో కోర్బాటో మొదలగువారు ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతిని ప్రదర్శించిరి. దాని పేరు సీటీఎస్ఎస్. అందు 'సేవ్' అను ఆజ్ఞ నిచ్చినచో, కళ్లములోని ఆ ప్రోగ్రాము ఉన్నదున్నట్లు గాదెకు చేరెడిది. పిమ్మట 'రెజ్యూమ్' అనినచో ఆపిన చోటినుండి సాగెడిది. 1972 మొదలు జిరాక్స్ సంస్థ పరిశోధనాలయమున ఆలన్ కే, డాన్ ఇంగల్స్ మొదలగువారు పెంపొందించిన స్మాల్‌టాక్ కూడ ఇట్టిదే. తెరచిన విండోలతో సహా సర్వమును ఒకే ప్రతిబింబముగా దాచుట దాని పద్ధతి. విండోస్ 2000లోని 'హైబర్నేట్' ఏర్పాటును ఈ మార్గమునకు చెందినదే.

ఈ మార్గమున ఒక చిక్కు కలదు. ఉన్నదున్నట్లు దాచినప్పుడు మేలుతోపాటు కీడును దాగును. చిక్కుపడి నిలిచిన ప్రోగ్రాము, తిరిగి లేచినప్పుడును చిక్కుపడియే యుండును.

అందుచే రెండవ మార్గ మేర్పడినది. 1984లో ఆ విద్యాలయముననే పుట్టిన ఎక్స్ విండో పద్ధతికి, 1994లో ఒక నిబంధన చేర్చిరి. పని ముగియు వేళ ఒక పెద్ద ప్రతి ప్రోగ్రామునకును 'నిన్ను నీవు భద్రపరచుకొనుము' అను అర్థముగల సందేశము పంపును. ఎవరికి వారు తమ స్థితిని వ్రాసికొని, మరల తమ్ము లేపు విధమును తెలుపుదురు. ఇది ఉమ్మడి కుటుంబమున యజమాని దీపమార్పుటకు ముందు అందరిని పలుకరించుట వంటిది. కాని పలుకరింపునకు బదులీయనివాని పని మిగులదు. చెప్పకయే కరెంటు పోయినచో పలుకరించుటకే వ్యవధి యుండదు.

2011 జూలైలో ఆపిల్ సంస్థ తన లయన్ అను మాక్ పద్ధతిలో ఈ రెండు లోపములకును ఉపాయము చూపెను. అందుకు తగినట్లు వ్రాసిన ప్రోగ్రాములు అడుగకయే తమ వ్రాతలను దాచుచుండును; యంత్రము తిరిగి లేచినప్పుడు మునుపటి విండోలు తెరచుకొనును. మరల తెరువవలదనుకొనువారికి ఆ స్వేచ్ఛయు నిచ్చిరి. ఇది మంచి విచక్షణ. పలువురు వాడు గ్రంథాలయపు కంప్యూటరులో నా విన్నపము తరువాతివాని కంటబడుట నాకు సమ్మతమా?

అయినను, ఈ ఉపాయములన్నియు నా పటమును, లెక్కను తిరిగి తెరువగలవే గాని, ఆ రెండింటిని నేనేల సరిచూచుచుంటినో చెప్పజాలవు. అందుచే ఇప్పుడు నేను లేచుటకు ముందు విన్నపము క్రింద ఒక పంక్తి వ్రాసికొందును: 'రెండవ తూము వంతు చూడవలెను.' మా పౌరాణికుడును పోగునుంచి ఊరకుండలేదు. రేపటి కథ ఏదో సభకు చెప్పియే లేచెడివాడు.