టికెట్ లేని వీధి: ఫిలడెల్ఫియా ఒడుండే ఉత్సవం మీద ఒక పరిశీలన

ఫిలడెల్ఫియా సౌత్ స్ట్రీట్ పడమటి చివర, 23వ వీధి కూడలి దగ్గర, ఏటా జూన్ రెండో ఆదివారం ఒడుండే మొదలవుతుంది. తెల్లబట్టలవాళ్లు, పసుపుపచ్చ బట్టలవాళ్లు డోళ్లు వాయించుకుంటూ స్కూల్‌కిల్ నది దాకా ఊరేగింపుగా వెళ్లి పళ్లు, పూలు, తేనె నీళ్లకు సమర్పిస్తారు. తిరిగొచ్చాక సాయంత్రం దాకా ఆటలు, పాటలు, తిండి, బేరాలు. ఉత్సవం ఇప్పుడు పదిహేను బ్లాకుల మేర పరుచుకుంది. ప్రవేశానికి టికెట్ లేదు, టికెట్ చూడటానికి గేటూ లేదు.

అమెరికాలోని అతి పెద్ద ఆఫ్రికన్ అమెరికన్ వీధి ఉత్సవాల్లో ఒకటిగా పేరుపడ్డ ఈ వేడుకను వారసత్వ పరిరక్షణ అనే పద్దులో వేసేయడం పరిపాటి. ఆ పద్దు తప్పని అనను గానీ, దానితో సగం సంగతే తేలుతుంది. ఆఫ్రికా సంగీతాన్నీ నృత్యాన్నీ కాపాడటమే లక్ష్యమైతే మంచి హాలు, మంచి మైకులు, టికెట్ ఆదాయం ఉన్నచోట ఆ పని ఇంకా బాగా సాగుతుంది. అయినా ఒడుండే యాభై ఏళ్లుగా ఆ ఇరుకు వీధినే పట్టుకుని ఉంది. ప్రవేశం ఉచితంగా ఉండటానికీ, వీధి వదలకపోవడానికీ, నదికి నడిచి వెళ్లడానికీ మధ్య ఉన్న ముడిని విప్పిచూడటం ఈ వ్యాసం పని.

ఉత్సవాన్ని మొదలుపెట్టింది సౌత్ ఫిలడెల్ఫియాకు చెందిన సామాజిక కార్యకర్త లోయిస్ ఫెర్నాండెజ్. 1972లో ఆమె నైజీరియా వెళ్లి ఓషోగ్బో పట్టణంలో ఓషున్ నదీదేవత ఉత్సవం చూసింది. తిరిగొచ్చి 1975లో స్నేహితురాలు రూత్ ఆర్థర్‌తో కలిసి, పేట అభివృద్ధి సంఘం ఇచ్చిన 100 డాలర్లతో, తన వీధిలో అలాంటిదే జరిపింది. సంవత్సరం వచ్చిందని చెప్పే యొరూబా మాటే ఒడుండే. మన ఉగాదిలా అది కొత్త ఏడాది పండుగ.

ఓషోగ్బోలో ఉన్నదేమిటి, ఫిలడెల్ఫియాకు వచ్చిందేమిటి అన్నది కాస్త నిదానంగా చూడాలి. అక్కడ ఉత్సవం ఆగస్టులో. అరుగ్బా అనే కన్య నైవేద్యపు సొరబుర్రను తలకెత్తుకుని, ఊరి రాజు అటావోజా సమక్షంలో నది ఒడ్డున ఉన్న పవిత్ర వనానికి వెళుతుంది. వెనక జనసముద్రం. స్థానిక కథ ప్రకారం ఊరు కట్టడానికి వచ్చిన తొలి మనుషులకూ నదికీ ఒక ఒప్పందం కుదిరింది: నది ఊరిని కాపాడుతుంది, ఊరు ఏటేటా నదికి ఇవ్వవలసింది ఇస్తుంది. అంటే ఉత్సవమంతా ఆ పాత ఒడంబడికను మళ్లీ రాసుకోవడమే. మరి ఫిలడెల్ఫియాలో రాజు లేడు, వనం లేదు, అరుగ్బా లేదు. నెల కూడా మారింది. మిగిలినవి నది, నడక, నైవేద్యం. ఫెర్నాండెజ్ ఏరుకున్నవి ఈ మూడే. మూడింటికీ పెట్టుబడి అక్కర్లేదు. ఓషున్‌ను కూడా ఒక్క ఓషోగ్బో నదికే కట్టేసిన దేవత అనుకోనక్కర్లేదు. బానిస ఓడల్లో అట్లాంటిక్ దాటినవాళ్లు క్యూబాలోనూ బ్రెజిల్‌లోనూ దొరికిన మంచినీటి పాయలోనే ఆమెను చూసుకున్నారు. స్కూల్‌కిల్ ఆ వరసలో చేరింది.

నైవేద్యంలో ఒక్క అంశాన్ని దగ్గర నుంచి చూద్దాం. ఓషున్‌కు తేనె ఇష్టం. అయితే తేనె ఇచ్చేవాళ్లు ముందు తాము నాలుక మీద వేసుకుని, ఆ తర్వాతే ఆమెకు ఇవ్వాలి. ఒకప్పుడు తేనెలో విషం కలిపి ఆమెను చంపబోయారని కథ. అప్పటినుంచి రుచి చూడని తేనెను ఆమె ముట్టదు. క్యూబా సంప్రదాయంలో గట్టిగా నిలిచిన ఈ నియమం ఉత్తర అమెరికాలో ఒరిషాలను, అంటే యొరూబా దేవతలను కొలిచే భక్తులకూ అక్కడినుంచే అందింది. ఈ తేనె నియమం వాళ్లకు నేరుగా నైజీరియా నుంచి రాలేదన్నమాట. దారిలో క్యూబాలోని హవానా, మతాంజాస్ ఉన్నాయి. డెట్రాయిట్‌లో పుట్టిన వాల్టర్ కింగ్ 1959లో మతాంజాస్‌లో దీక్ష తీసుకుని, తర్వాత అడెఫున్మి అన్న పేరుతో 1970లో దక్షిణ కరోలినాలో యొరూబా పద్ధతిలో నడిచే ఓయోతుంజి గ్రామాన్ని స్థాపించిన నేపథ్యం ఇదే. ఫెర్నాండెజ్ ప్రత్యేకత ఎక్కడంటే, ఆమె నైజీరియాను కళ్లారా చూసొచ్చింది. చూసొచ్చాక వేరే గ్రామం కట్టలేదు. దీక్షా గృహంలోనూ దాచలేదు. ఉన్న వీధిలోనే, ఆ దేవత ఎవరో తెలియని పొరుగువాళ్ల మధ్య పెట్టింది.

ఆ వీధి సంగతి చెప్పకుండా ఇదంతా అర్థం కాదు. సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఇ.బి. డూబోయిస్ 1896–97లో ఇల్లిల్లూ తిరిగి వివరాలు సేకరించి 1899లో 'ది ఫిలడెల్ఫియా నీగ్రో' ప్రచురించాడు. ఆయన పరిశీలించిన ఏడో వార్డుకు దక్షిణపు హద్దు సౌత్ స్ట్రీట్, పడమటి హద్దు స్కూల్‌కిల్ నది. అంటే ఒడుండే ఊరేగింపు సాగే నేల అమెరికా సామాజిక శాస్త్రంలో తొలి పెద్ద నల్లజాతి అధ్యయనానికి అంచు. 1920లో ఈ వీధిలోనే రాయల్ థియేటర్ తెరిచారు, 1970లో మూతపడింది. ఆ మూతకు ఒక కారణం క్రాస్‌టౌన్ ఎక్స్‌ప్రెస్‌వే. సౌత్ స్ట్రీట్ పొడవునా ఇళ్లూ దుకాణాలూ కూల్చి రహదారి వేయాలని నగర ప్రణాళికాకర్తలు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. రహదారి రాలేదు. అది వస్తుందన్న భయం మాత్రం వచ్చింది. రేపో మాపో కూలిపోయే ఇంటికి సున్నం ఎవరు వేస్తారు? బ్యాంకులు అప్పులివ్వలేదు, యజమానులు మరమ్మతులు మానేశారు, వ్యాపారులు మూట కట్టుకున్నారు. ఆలిస్ లిప్స్‌కాంబ్ వంటి స్థానిక నాయకులు పోరాడగా 1970లలో ఆ ప్రణాళిక అటకెక్కింది.

1975 ఊరేగింపును ఈ పూర్వరంగంలో పెట్టి చూస్తే అది వేరుగా కనిపిస్తుంది. ఎక్స్‌ప్రెస్‌వే కిందపడి పోవలసిన తారు మీద డోళ్లతో నడవడం ఆ రోజు చిన్న సంగతి కాదు. ఓషోగ్బోలో ఊరికీ నదికీ మధ్య ఉన్న ఒప్పందం ఇక్కడ మనుషులకూ పేటకూ మధ్య ఒప్పందంగా మారిందని నా అభిప్రాయం. దాన్ని నిరూపించే దస్తావేజు ఏదీ నా దగ్గర లేదు, కాలక్రమం ఆధారంగా చేస్తున్న ఊహ. కానీ ఉత్సవం ఆ తర్వాత నడిచిన తీరు ఈ ఊహకే బలం ఇస్తుంది.

సంగీతంలోకి వస్తే, శుద్ధి కోరేవాళ్లకు ఒడుండే నిరాశే మిగులుస్తుంది. దేవత యొరూబా. యొరూబా డోళ్లు డుండున్, బాటా. కానీ అమెరికా ఆఫ్రికన్ నృత్య బృందాల్లో ఎక్కువగా మోగేది జెంబే, అది గినీ, మాలీ దేశాల మాండే ప్రజలది. కీటా ఫొదేబా స్థాపించిన లే బాలే ఆఫ్రికేన్ బృందం పర్యటనల వల్ల, ఆ బృందంలో వాయించి అమెరికాలో స్థిరపడి పాఠాలు చెప్పిన లాజీ కమారా వల్ల జెంబే అక్కడ వేళ్లూనుకుంది. దానికి ముందే క్యూబా కొంగా నల్లజాతి పేటల్లో తిరుగుతోంది. ఫిలడెల్ఫియాకు తన సొంత పరంపర కూడా ఉంది: ఆర్థర్ హాల్ తన నృత్య బృందంతో 1969లో ఉత్తర ఫిలడెల్ఫియాలో ఇలే ఇఫే కేంద్రం తెరిచాడు, అదే ఏడాది రాబర్ట్ క్రౌడర్ కులు మెలే బృందం పెట్టాడు. కులు మెలే ఆటల్లో గినీ, క్యూబా, ఫిలడెల్ఫియా వీధి నృత్యం పక్కపక్కనే ఉంటాయి. ఒడుండే నాటికి నగరంలో డోలు వాయించగల చేతులు, అడుగు వేయగల కాళ్లు సిద్ధంగా ఉన్నాయి. లేనిది వాళ్లందరూ కలిసి నడిచే ఒక రోజు.

ఈ కలగాపులగాన్ని లోపంగా చూసేవాళ్లున్నారు. ఏ ఓడలో ఏ ఊరివాళ్లను ఎక్కించారో చెప్పే కాగితాలు చాలా కుటుంబాలకు అందకుండా పోయిన చోట, ఒకే జాతి ఒకే డోలు అని పట్టుబట్టడం చరిత్ర మీద మోపే అన్యాయపు షరతు. ఆ మాటకొస్తే ఓషోగ్బో కూడా అచ్చమైన పాతదనంతో నిలిచిలేదు. అక్కడి వనంలోని ప్రసిద్ధ శిల్పాల వెనక నైజీరియా వచ్చి అక్కడే ఉండిపోయిన ఆస్ట్రియా కళాకారిణి సుజాన్ వెంగర్ చేయి ఉంది, ఉత్సవంలో సెల్‌ఫోన్ కంపెనీల బ్యానర్లు ఉన్నాయి.

ఇక డబ్బు. ఉచిత ఉత్సవానికి ఎవరో ఒకరు కట్టాలి. ఒడుండేలో వందకు పైగా దుకాణాలు వెలుస్తాయి: బట్టలు, షియా వెన్న, పూసలు, నల్లసబ్బు, సెనెగల్ నుంచి కరీబియన్ దాకా తిండి. దుకాణదారులు కట్టే రుసుములు, ప్రాయోజకులు, ప్రభుత్వ, ప్రైవేటు నిధులు కలిసి ఉత్సవాన్ని నడుపుతాయి. ఖర్చులో వేదిక, కళాకారులే కాదు, పోలీసులు, చెత్త ఎత్తేవాళ్లు కూడా ఉంటారు. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఫిలడెల్ఫియా నగరపాలన ఇలాంటి ఖర్చులను నిర్వాహకుల నెత్తిన వేసినప్పుడు నగరపు ప్రసిద్ధ మమ్మర్స్ ఊరేగింపే ఇబ్బంది పడింది. పేటల్లో పుట్టిన ఉత్సవాలకు అలాంటి బిల్లు ఇంకెంత బరువో చెప్పక్కర్లేదు.

జనం లెక్క కూడా డబ్బు లెక్కతోనే ముడిపడింది. 5 లక్షల మంది దాకా వస్తారని నిర్వాహకులు చెబుతారు. టికెట్ లేని చోట తెగిన టికెట్లూ ఉండవు. ఎవరి లెక్కయినా అంచనాయే. పదిహేను బ్లాకుల్లో అంతమంది ఒకేసారి నిలబడలేరు, రోజంతా వస్తూ పోతూ ఉంటే ఎంతో తేల్చడం కష్టం. నాకు ఆ అంకె కచ్చితత్వం కన్నా దాని ఉపయోగం ముఖ్యం. నగరంతో మాట్లాడేటప్పుడు, ప్రాయోజకుణ్ణి అడిగేటప్పుడు ఆ అంకె బేరసారాల్లో పనిచేస్తుంది.

అసలు పరీక్ష డబ్బు వైపు నుంచి కాక పొరుగు వైపు నుంచి వచ్చింది. ఎక్స్‌ప్రెస్‌వే బెడద పోయాక వీధి విలువ పెరిగింది, ధరలు పెరిగాయి, కొత్తవాళ్లు వచ్చారు. 2007లో మూతపడిన ఆసుపత్రి పేరు మీదే ఇప్పుడు ఆ ప్రాంతాన్ని గ్రాడ్యుయేట్ హాస్పిటల్ అంటున్నారు. పాత కుటుంబాలు చాలావరకు వెళ్లిపోయాయి. చప్పుడు, చెత్త, కార్లు పెట్టుకునే చోటు దొరకకపోవడం గురించి ఫిర్యాదులు వచ్చాయి, ఉత్సవాన్ని వేరే విశాలమైన చోటికి మార్చాలన్న ఒత్తిడీ వచ్చింది. ఏడాదిలో ఒక్క ఆదివారం కారు రెండు వీధుల అవతల పెట్టుకోవలసి రావడం ఎంత కష్టమో పాఠకులే బేరీజు వేసుకోవచ్చు. ఫెర్నాండెజ్ ఒప్పుకోలేదు. వెళ్లిపోయినవాళ్లు తిరిగొచ్చి నిలబడటానికి మిగిలిన చోటు అదొక్కటే. పార్కుకు మారిస్తే వచ్చేవాళ్లు ప్రేక్షకులు అవుతారు. వీధిలో వాళ్లు ఆ ఊరివాళ్లు.

పోలికకు బ్రూక్లిన్‌లోని డాన్స్ ఆఫ్రికాను తీసుకోవచ్చు. చక్ డేవిస్ 1977లో మొదలుపెట్టిన ఆ ఉత్సవంలో వీధి బజారు ఉచితం, రంగస్థల ప్రదర్శనకు టికెట్. నృత్యం పరంగా అది ఒడుండే కన్నా ఎంతో ఎత్తున ఉంటుందని ఒప్పుకోవాలి. కానీ అక్కడ మర్యాదగా కూర్చుని చూసే కళ ఒక వైపు, కొనుక్కునే సంత ఒక వైపు. ఒడుండేలో ఆ గీత గీయడం కుదరదు. నదికి నడిచే మనిషి కళాకారుడో భక్తుడో వాడకట్టు మనిషో అడిగేవాళ్లు లేరు.

తెలుగువాళ్లకు ఈ చర్చ మరీ దూరం కాదు. 2023 జూలైలో అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా మహాసభలు ఇదే ఫిలడెల్ఫియాలో, కన్వెన్షన్ సెంటర్లో జరిగాయి. సౌత్ స్ట్రీట్ అక్కడికి రెండు మైళ్ల లోపే. రుసుము కట్టి, మెడలో కార్డు వేసుకుని, ఏసీ హాల్లో మనం జరుపుకునే సంస్కృతికి ఊరితో పనిలేదు. ఏ నగరంలోనైనా అదే హాలు, అదే వేదిక. అది మన అవసరానికి సరిపోయింది, ఎందుకంటే మనల్ని ఏ వీధి నుంచీ తరిమినవాళ్లు లేరు. హైదరాబాద్‌లో కథ ఇంకో రకం. నిజాం ఆఫ్రికన్ అశ్విక దళం పేరు మోస్తున్న ఏసీ గార్డ్స్ పేటలో ఆ సైనికుల సంతతి సిద్దీలు ఇప్పటికీ ఉన్నారు. హద్రమీ అరబ్బులతో పాటు వాళ్లు వాయించే మర్ఫా లేకుండా పాతబస్తీలో పెళ్లి బరాత్ నిండుగా అనిపించదు. అక్కడ ఆఫ్రికా మూలాల వాయిద్యకారులు ఇతరుల వేడుకలకు బాడుగ మీద వెళతారు. ఉచితంగా, తమ కోసం, తమ వీధిలో వాయించుకునే పండుగ వాళ్లకంటూ ఎందుకు ఏర్పడలేదన్నది తెలుగు పరిశోధకులు చేపట్టవలసిన ప్రశ్న.

లోయిస్ ఫెర్నాండెజ్ 2017లో చనిపోయింది. ఇప్పుడు సంస్థను నడుపుతున్నది ఆమె కూతురు ఓషున్‌బుమి, పేరులోనే నదీదేవతను మోస్తున్న మనిషి. కోవిడ్ వల్ల వీధి ఉత్సవానికి విరామం వచ్చింది, తర్వాత మళ్లీ మొదలై 2025లో యాభై ఏళ్లు నిండాయి. ఈ మధ్యలో సంత పెరిగినంతగా నది పెరగలేదు. మధ్యాహ్నం వచ్చి సంచి నింపుకుని వెళ్లేవాళ్లలో చాలామందికి పొద్దున నైవేద్యం జరిగిందనే తెలియదు. ఈ అసమతుల్యం ఉత్సవానికి దీర్ఘకాలంలో చేటు చేస్తుందని నా అనుమానం. ఊరేగింపు పక్కకు జరిగితే సంతను ఏ పార్కింగ్ స్థలంలోనైనా పెట్టుకోవచ్చన్న వాదనకు అడ్డు ఉండదు. ఓషోగ్బో వనాన్ని నైజీరియా ప్రభుత్వం 1965లోనే జాతీయ స్మారకంగా ప్రకటించింది, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సౌత్ స్ట్రీట్ ఊరేగింపుకు మాత్రం వీధి మూసే అనుమతి కోసం ప్రతి ఏడూ నగర కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవలసిందే.