చెవి దిబ్బడే కదా అని వదిలేస్తున్నారా? లోపలి చెవికి ముప్పు ఎప్పుడంటే..

చెవి దిబ్బడ వేసినట్టు ఉంటుంది. టీవీ సౌండ్ పెంచితే గానీ వినిపించదు. జలుబు వల్లేమో, గులిమి పట్టిందేమో అనుకుని రెండు చుక్కల మందు వేసి ఊరుకుంటారు చాలామంది. శబ్దం వెళ్లే దారిలో అడ్డు వల్ల వచ్చే ఈ సమస్యను వైద్యులు కండక్టివ్ హియరింగ్ లాస్ అంటారు. మందులతోనో, ఆపరేషన్‌తోనో చాలావరకు సరిచేయగలిగే రకం ఇది. కానీ కారణం తెలుసుకోకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే కొందరిలో లోపలి చెవి కూడా దెబ్బతింటుంది. ఆ నష్టం మాత్రం తిరిగి పూడదు.

దారిలో అడ్డు అంటే ఏమిటి?

శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనకున్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలి చెవికి చేరవేస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలోని సున్నితమైన కణాలు దాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చి నరం ద్వారా మెదడుకు పంపుతాయి. రోమకణాలు అని పిలిచే ఇవి ఒక్కో చెవిలో సుమారు 15 వేలు ఉంటాయి. చనిపోతే మళ్లీ పుట్టవు.

గులిమి, కర్ణభేరికి రంధ్రం, దాని వెనక నీరు లేదా చీము చేరడం, ఎముకలు బిగుసుకుపోవడం.. ఇవన్నీ కాక్లియాకు ముందే శబ్దాన్ని ఆపేస్తాయి. అడ్డు మాత్రమే సమస్య అయితే లోపం సాధారణంగా 60 డెసిబెల్స్ దాటదు. అంతకు మించిన శబ్దం పుర్రె ఎముక ద్వారా నేరుగా లోపలికి చేరుతుంది.

మరి లోపలి చెవి ఎలా దెబ్బతింటుంది?

* చీము వల్ల: మధ్య చెవికి, కాక్లియాకు మధ్య పలుచని పొర ఉంటుంది. ఏళ్ల తరబడి చీము కారుతుంటే ఆ విషపదార్థాలు పొర దాటి లోపలికి ఊరతాయి. ఎక్కువ పౌనఃపున్య శబ్దాలను వినే కణాలు ముందుగా దెబ్బతింటాయి. స, ష, త లాంటి హల్లులు స్పష్టంగా వినిపించవు.
* ఎముక తినేయడం వల్ల: కొందరిలో మధ్య చెవిలోకి చర్మం పెరిగి ఎముకను కొరికేస్తుంది. దీన్ని కొలెస్టియటోమా అంటారు. అది బ్యాలెన్స్ నాళాలను తాకితే కళ్లు తిరుగుతాయి. చెవి పూర్తిగా పనిచేయకుండా పోయే ప్రమాదమూ ఉంది.
* ఎముక వ్యాధి విస్తరించడం వల్ల: చివరి ఎముక బిగుసుకుపోయే ఓటోస్క్లెరోసిస్ కొందరిలో కాక్లియా గోడకూ పాకుతుంది.
* శబ్దం అందకపోవడం వల్ల: కర్ణభేరి తొలగించిన ఎలుకల్లో ఏడాది తర్వాత కాక్లియాలో నరాల అనుసంధానాలు తగ్గినట్టు అమెరికా పరిశోధకులు 2015లో గుర్తించారు. మనుషుల్లోనూ ఇలాగే జరుగుతుందని ఇంకా నిర్ధారణ కాలేదు.

ఆడియోగ్రామ్‌లో ఏం చూడాలి?

ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ పరీక్షలో రెండు రకాలుగా కొలుస్తారు. హెడ్‌ఫోన్ పెట్టి వినిపించేది ఎయిర్ కండక్షన్. చెవి వెనక ఎముకపై పరికరం ఆనించి చేసేది బోన్ కండక్షన్. రెండోది మధ్య చెవిని దాటేసి నేరుగా కాక్లియాను పరీక్షిస్తుంది.

రిపోర్టులో ఎయిర్ 50, బోన్ 10 డెసిబెల్స్ ఉందనుకుందాం. లోపలి చెవి బాగుంది, అడ్డు దారిలోనే ఉందని అర్థం. ఎయిర్ 60, బోన్ 35 ఉంటే రెండూ దెబ్బతిన్నట్టు. దీన్ని మిక్స్‌డ్ అంటారు. ఆపరేషన్ విజయవంతమైనా ఆ 35 అలాగే మిగులుతుంది. పాత రిపోర్టులు దాచుకోండి. బోన్ కండక్షన్ అంకె ఏటా పెరుగుతోందంటే లోపలి చెవి దెబ్బతింటోందేమో డాక్టర్‌ను అడగాలి.

ప్రభుత్వ సేవలు ఎక్కడ?

హైదరాబాద్ కోఠిలోనూ, విశాఖపట్నంలోనూ ప్రత్యేకంగా ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులు ఉన్నాయి. ఇతర చోట్ల ప్రభుత్వ బోధనాసుపత్రి లేదా జిల్లా ఆసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీ చూపించుకోవచ్చు. ఆడియోమెట్రీ ఏ రోజుల్లో చేస్తారో ఓపీలోనే అడగండి. ఆపరేషన్ అవసరమైతే ఆరోగ్యశ్రీ (తెలంగాణ) లేదా ఎన్టీఆర్ వైద్య సేవ (ఏపీ) హెల్ప్ డెస్క్‌లో మీ చికిత్స జాబితాలో ఉందో లేదో ముందే తెలుసుకోండి.

పిల్లలకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలు, ప్రభుత్వ పాఠశాలల్లో వినికిడి లోపం, చెవిలో చీము వంటివి పరీక్షిస్తారు. లోపం కనిపిస్తే పై ఆసుపత్రికి పంపుతారు. పిలిస్తే పలకని, క్లాసులో వెనకబడిన పిల్లాణ్ని మందలించే ముందు చెవులు చూపించండి. కర్ణభేరి వెనక నీరు చేరితే నొప్పి ఉండకపోవచ్చు.

దివ్యాంగుల ధ్రువపత్రం గురించి ఒక మాట. 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటేనే వినికిడి మందగించినవారిగా, 70 ఉంటే బధిరులుగా గుర్తిస్తారు. దారిలో అడ్డు మాత్రమే ఉన్నవారిలో చాలామంది ఈ పరిధిలోకి రారు. వాళ్లకు కావాల్సింది ముందుగా చికిత్స.

ఇలా ఉంటే ఆలస్యం వద్దు

* ఒక్కసారిగా, లేదా రెండు మూడు రోజుల్లోనే వినికిడి తగ్గడం. ఇది లోపలి చెవి సమస్య కావచ్చు. దిబ్బడలాగే అనిపిస్తుంది కాబట్టి చాలామంది పొరబడతారు. చికిత్స మొదటి రెండు వారాల్లోపే మొదలవ్వాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది
* చెవిలో చీముతో పాటు కళ్లు తిరగడం
* మూతి వంకర పోవడం
* చెవి వెనక వాపు, తీవ్రమైన తలనొప్పి, జ్వరం

ఇవి చేయొద్దు

కాచిన నూనె, వెల్లుల్లి రసం చెవిలో పోయొద్దు. పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్‌బడ్ పెట్టొద్దు. కర్ణభేరికి రంధ్రం ఉంటే కొన్ని యాంటీబయాటిక్ చుక్కలు లోపలి చెవికి హాని చేస్తాయి. కాబట్టి ఇంట్లో మిగిలిన పాత చుక్కల మందు వాడొద్దు. చీము కారే చెవిలోకి స్నానం చేసేటప్పుడు నీళ్లు పోకుండా వ్యాజిలిన్ రాసిన దూది పెట్టుకోండి. చీము ఆగిపోయినా రంధ్రం పూడిందో లేదో ఒకసారి చూపించుకోవాలి.