బదనిక మీద పడిన నింద

మారేడుమిల్లి దాటి ఘాట్ ఎక్కితే పాత చెట్ల కొమ్మల మీద నాచు, ఫెర్నులు, ఆర్కిడ్లు కనిపిస్తాయి. వానాకాలంలో అయితే మరీను. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే అన్నిటికీ ఒకటే మాట: బదనిక. ఆ మాట వెనకే ఇంకోటి వస్తుంది: "చెట్టుని పీల్చేస్తుంది."

ఇది మన ఒక్కళ్ళ పొరపాటు కాదు. అమరకోశం 'వందా'కి ఇచ్చిన పర్యాయపదాల్లో వృక్షాదని, వృక్షరుహ రెండూ ఉన్నాయి. ఒకటి చెట్టుని తినేది, ఇంకోటి చెట్టు మీద మొలిచేది. రెంటికీ చాలా దూరం. మామిడి కొమ్మలోకి వేరు దించి నీళ్ళు లాక్కునే బదనిక మొదటిది. ఆర్కిడ్ రెండోది. దాని వేళ్ళకి తెల్లటి స్పాంజిలాంటి తొడుగు ఉంటుంది, వాన నీళ్ళూ మంచూ దాంతోనే పట్టుకుంటుంది. చెట్టు దానికి అరుగు మాత్రమే, అన్నం కాదు.

ఈ తేడా కాగితం మీదికెక్కిన కథలో సామర్లకోటకి చోటుంది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ డాక్టరు 1781లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా అక్కడికొచ్చాడు. మిరియాలు, కాఫీ, మల్బరీ పెంచి కంపెనీకి లాభం చూపించడం అసలు పని. మిగిలిన వేళల్లో చుట్టుపక్కల మొక్కలన్నీ వెతికి, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా వెళ్ళిపోయాడు. 1795 నుంచి లండన్లో అచ్చయిన 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' మొదటి సంపుటంలో 42వ బొమ్మ మన ఆర్కిడ్డే: ఎపిడెండ్రం టెస్సెల్లేటం. ఎపిడెండ్రం అంటే గ్రీకులో 'చెట్టు మీద'. టెస్సెల్లేటం, గళ్ళు పరిచినట్టున్న రేకుల వల్ల. పసుపు కలిసిన గోధుమరంగు గళ్ళు, మధ్యలో ఊదా పెదవి.

చెట్టు మీద ఉందన్నాడు, తింటుందనలేదు. నాకు నచ్చింది అదే.

తర్వాత 1820లో రాబర్ట్ బ్రౌన్ దాన్ని 'వాండా' ప్రజాతిలో పెట్టి రాక్స్‌బర్గ్ పేరు తగిలించాడు. అంటే అమరకోశంలోని వందాయే లాటిన్ వేషంలో తిరిగొచ్చింది! ఇప్పుడు చెలామణిలో ఉన్నది వాండా టెస్సెల్లేటా. డాక్టరు పేరు తప్పుకుంది, గళ్ళు మిగిలాయి.

ఆ గళ్ళని ఒక్కొక్కటే రంగులద్దిన చిత్రకారుడి పేరు మాత్రం పుస్తకంలో లేదు. రాక్స్‌బర్గ్ వేయించిన బొమ్మలు ఇప్పటికీ క్యూలోనూ, కలకత్తా తోటలోనూ భద్రంగా ఉన్నాయి. కోనసీమలో పాత మామిడి కొట్టేసినప్పుడు కొమ్మతోపాటు నేలకొరిగే వాండాని మాత్రం ఇంకా బదనికే అంటున్నాం, చీపురుతో అవతలికి తోసేస్తూ.