కాశిబుగ్గ నుండి పద్మాక్షి గుట్ట వరకు: ఓరుగల్లులో ఒక దినయాత్ర

'కాశి' అనే పదానికి మూలం ప్రకాశార్థకమైన 'కాశ్' ధాతువు. 'బుగ్గ' అచ్చ తెలుగు మాట. నేల నుండి ఉబికివచ్చే ఊటకు పేరు. తాడిపత్రిలోని బుగ్గ రామలింగేశ్వరాలయం పేరులో వినిపించేదీ ఈ బుగ్గయే. వరంగల్లు నగరంలోని కాశిబుగ్గలో ఈ రెండు పదాలూ ఏకమైనాయి. కాశీయాత్రకు కాలినడకన నెలలు పట్టిన యుగాలలో దక్షిణాపథ భక్తులు తమ ఊరి శివునికే విశ్వేశ్వరనామం పెట్టుకొని, తమ ఊరి జలాన్నే గంగగా భావించి అర్చించారు. సర్వవ్యాపకుడైన ఈశ్వరుడు ఒక్క క్షేత్రానికే పరిమితుడు కాడన్న సిద్ధాంతానికి అది ఆచరణరూపం.

ప్రాతఃకాలంలో కాశిబుగ్గ కాశీవిశ్వేశ్వరుని దర్శించి ఓరుగల్లు యాత్రకు బయలుదేరిన సాధకునికి ఆ సిద్ధాంతమే దినమంతా పరీక్షగా నిలుస్తుంది. ఈ నగరంలో నిత్యపూజలందుకొనే మూర్తులతోపాటు మూర్తి లేని గర్భగృహాలూ, ఆలయం లేని తోరణాలూ ఉన్నాయి. ఆలయం కూలితే దైవం ఎక్కడ ఉంటాడు?

ఓరుగల్లును ఒక్క దినంలో తిరిగి చూడటం తెలుగు సాహిత్యానికి చిరపరిచితమైన విషయమే. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామం' ఇతివృత్తం అదే. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత 'ప్రేమాభిరామం' దానికి ఆధారం. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు కాకతీయ రాజధాని వీథులలో తిరుగుతూ ఏకవీరాదేవిని, మైలారుని భక్తులను, పల్నాటి వీరగాథల గానాన్ని, పూటకూళ్ళ ఇంటిని, కోడిపందేలను చూస్తారు. ఆ కావ్యం కాకతీయ సామ్రాజ్యం అంతరించిన తరువాతిది. నగరం పతనమైనా దాని సందడి కవిస్మృతిలో చెక్కుచెదరలేదు.

కాశిబుగ్గకు దక్షిణంగా కోట. రాజధానిని హనుమకొండ నుండి ఇక్కడికి తరలించే కార్యం రుద్రదేవుని కాలంలో ఆరంభమై గణపతిదేవుని పాలనలో సిద్ధించింది. రుద్రమదేవి ప్రాకారాలను మరింత దృఢపరచింది. మట్టికోట, దాని లోపల 45 బురుజుల రాతికోట, వాటి చుట్టూ అగడ్తలు. వీటన్నిటికీ కేంద్రం స్వయంభూ శివాలయం. రాజధానికి రాజభవనం కాక దేవాలయం నాభిస్థానం కావటం కాకతీయుల రాజధర్మదృష్టిని తెలుపుతుంది. 1323లో ఉలుగ్ ఖాన్ సేనలకు కోట వశమైనది. బందీగా ఢిల్లీకి కొనిపోబడిన ప్రతాపరుద్రుడు మార్గమధ్యంలో నర్మదాతీరాన దేహం చాలించినట్లు విలస తామ్రశాసనం తెలుపుతున్నది. ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయినది. స్వయంభూదేవుని ఆలయం నేలమట్టమైనది.

నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు మాత్రం నిలిచాయి. పద్మకోరకాలు, హారాలు, పక్షులు చెక్కిన ఆ శిలాద్వారాల నడుమ నేడు గోచరించేవి శకలాలు, వాటిపైన శూన్యం. సందర్శకుడు అక్కడ నష్టాన్ని చూస్తాడు. ఆ నష్టం సత్యమే. దానిని తత్త్వపు మాటలతో కప్పిపుచ్చకూడదు. అయితే సాధకునికి మరొకటి కూడా స్ఫురించాలి. 'కాశి' శబ్దానికి మూలమైన ధాతువు నుండే 'ఆకాశ' శబ్దమూ పుట్టినది. చిదంబరంలో తెర తొలగిస్తే కనిపించేది మూర్తి కాదు, ఆకాశమే. ఛాందోగ్యోపనిషత్తులోని దహరవిద్య హృదయాంతరాకాశాన్నే ఉపాసనాస్థానంగా ఉపదేశిస్తున్నది. పైగా ఆ ఆలయానిదిగా భావించే చతుర్ముఖ శివలింగం సమీపాన శంభునిగుడిలో నేటికీ అర్చింపబడుతున్నది.

కోట నుండి వాయవ్యదిశగా సాగితే కాలం వెనుకకు నడుస్తుంది. త్రోవలో చెరువుగట్టున భద్రకాళీ అమ్మవారు. 1950లో పునరుద్ధరింపబడిన ఈ ఆలయం నేడు నగరానికి ప్రధాన శక్తిపీఠం వంటిది. అది దాటితే హనుమకొండలో వేయిస్తంభాల గుడి. 1163 నాటి శాసనం రుద్రదేవుని స్వతంత్రాధికారాన్ని ప్రకటిస్తూ, రుద్రేశ్వరునితోపాటు వాసుదేవుని, సూర్యుని కూడా ఇక్కడ ప్రతిష్ఠించినట్లు చెబుతున్నది. శైవుడైన రాజు తన విజయచిహ్నంగా కట్టిన ఆలయంలో ముగ్గురు దేవతలకు సమానస్థానం! నేడు రుద్రేశ్వరునికే నిత్యపూజ; తక్కిన రెండు గర్భగృహాలలో మూలమూర్తులు లేవు. శిథిలమైన కల్యాణమండపాన్ని రాయి రాయిగా విప్పి, పునర్నిర్మించి, 2024లో మహాశివరాత్రినాడు భక్తులకు తెరిచారు. శైవాగమాలలో జీర్ణోద్ధారణకు ముందు కళాకర్షణ విధి కలదు. మూర్తిలోని దైవకళను కలశంలోనికి ఆవాహన చేసి, నిర్మాణం ముగిశాక తిరిగి ప్రతిష్ఠిస్తారు. శిల నివాసమే గాని నివాసి కాదని ఆగమం ఎంత స్పష్టంగా ఎరుగునో దీనివలన తెలుస్తుంది.

సాయంకాలానికి పద్మాక్షి గుట్ట. 1117లో రెండవ ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ ఇక్కడ కడలాలయ బసదిని నిర్మింపజేసినట్లు గుట్టపైని శాసనస్తంభం తెలుపుతున్నది. అది జైనక్షేత్రం. శిలపై పార్శ్వనాథుడు, ఆయన ప్రక్కన పద్మావతి నేటికీ కనిపిస్తారు. ఆమెయే పద్మాక్షి అమ్మవారిగా శాక్తుల పూజలందుకొంటున్నది. బతుకమ్మ పండుగకు ఈ గుట్ట చెంతనే స్త్రీలు పూలు పేర్చి పాడుతారు. మతం మారింది, మంత్రం మారింది. నమస్కరించే చేతులు మాత్రం తొమ్మిది శతాబ్దాలుగా ఆ కొండవైపే జోడింపబడుతున్నాయి.

ఉదయపు ప్రశ్నకు ఓరుగల్లు చెప్పే సమాధానం ఇదే. కట్టడాన్ని రాజు నిర్మించగలడు, శత్రువు కూల్చగలడు. సాన్నిధ్యాన్ని నిలిపేది మాత్రం అర్చన. స్వయంభూ లింగం ఆలయాన్ని కోల్పోయినా పూజను కోల్పోలేదు. అందువలన అది జీవించి ఉన్నది. వాసుదేవ, సూర్య గర్భగృహాలు నిలిచి ఉన్నా దీపం లేక మూగబోయాయి. కనుక శిథిలాన్ని చూచి నిట్టూర్చటం భక్తునికి చాలదు. తన ఊరిలో దీపం ఆరిన గుడి ఒకటి ఉంటే, అక్కడ ఒక్క వత్తి వెలిగించటమే ఓరుగల్లు యాత్రకు ఫలశ్రుతి.