ఎల్‌టీఎస్‌పీ
హార్డ్‌డిస్క్ లేని కంప్యూటర్లను నెట్‌వర్క్ ద్వారా లైనక్స్ డెస్క్‌టాప్‌లుగా నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. పూర్తిపేరు లైనక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్. 1999లో అమెరికాలో జిమ్ మెక్విలన్ మొదలుపెట్టాడు. స్విచ్ వేయగానే అలాంటి కంప్యూటర్ (టెర్మినల్) లోని నెట్‌వర్క్ కార్డు పీఎక్స్‌ఈ పద్ధతిలో సర్వర్‌ను వెతుక్కుంటుంది. డీహెచ్‌సీపీ ద్వారా ఐపీ చిరునామా, టీఎఫ్‌టీపీ ద్వారా కెర్నల్ అందుకుంటుంది. తొలినాళ్లలో ప్రోగ్రాములు సర్వర్‌లోనే నడిచేవి. టెర్మినల్ పని తెర చూపడం, కీబోర్డు, మౌస్ కదలికలు చేరవేయడం వరకే. అందుకే మూలన పడాల్సిన పాత యంత్రాలూ బడి ల్యాబుల్లో పనికొచ్చాయి. వీడియోలు, బరువైన బ్రౌజర్లు వచ్చాక ప్రోగ్రాములన్నీ నడపడం సర్వర్‌కు తలకు మించిన భారమైంది. 2019లో తిరగరాసిన రూపంలో ప్రోగ్రాములు సాధారణంగా టెర్మినల్ సొంత ప్రాసెసర్, మెమరీ మీదే నడుస్తాయి. సర్వర్‌లో ఉన్న ఒక్క సిస్టమ్ ఇమేజ్ సరిదిద్దితే తర్వాతి బూట్‌లో అన్ని యంత్రాలూ మారతాయి. నిర్వాహకుడికి అసలు లాభం ఇదే. సర్వర్ ఆగితే మాత్రం ల్యాబ్ మొత్తం ఆగుతుంది.