సముద్రపు దురదగొండి

విశాఖపట్టణ తీరమున వల లాగువారికి జెల్లీచేప క్రొత్తది కాదు. పేరునకు చేపయే గాని దానికి ఎముక లేదు, నెత్తురు లేదు, తలయును లేదు. దేహమున నూటికి తొంబదియైదు పాళ్లు నీరే. అట్టి జంతువు మనుష్యుని చేతిపై కొరడాతో కొట్టినట్లు వాతలు తేల్చుట యెట్లు? ఈ ప్రశ్నకు సరియైన యుత్తరము దొరకుటకు రెండువేల యేండ్లకు పైగా పట్టినది. ఉత్తరము దొరకిన పిమ్మటను మన యిండ్లలోని చికిత్స మాత్రము పాత యూహనే పట్టుకొని యున్నది. కనుకనే యీ చరిత్రను చెప్పబూనితిని.

క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున అరిస్టాటిలు పండితుడు సముద్రపుష్పములవంటి జంతువులను వర్ణించుచు వానిని ‘క్నిడే’ యనెను. గ్రీకులు తమ దేశపు దురదగొండి మొక్కకు పెట్టుకొన్న పేరది. జెల్లీచేప, సముద్రపుష్పము, పగడపుజీవి, మంచినీటి హైడ్రా యను వీనినన్నిటిని నేటి శాస్త్రజ్ఞులు ‘నిడేరియా’ యని యొక వర్గము చేసినది ఆ మాటనుండియే. కాని పేరు పెట్టుట వేరు, కారణము చెప్పుట వేరు. తాకిన మండును గనుక ఒంటిజిగురే విషమని తలచుట యెవరికైనను సహజము.

1744వ సంవత్సరమున ట్రెంబ్లే యనునాతడు హైడ్రాను గూర్చి గ్రంథము ప్రకటించి, ఆ చిన్నజీవి తన చేతులతో ఎరను పట్టు తీరును, ముక్కలుగా కోసినను మరల పెరుగు తీరును లోకమునకు తెలిపెను. ఆ శతాబ్దముననే మన విశాఖపట్టణమున పాట్రిక్ రస్సెలు అను వైద్యుడు కాపురముండి, 1785లో కుంపినీవారిచే ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమింపబడి, పాముల విషమును కోళ్లమీదను కుక్కలమీదను పరీక్షించెను. ఆయన సర్పగ్రంథము 1796లోను, ఇచ్చట సేకరించిన రెండువందల చేపల గ్రంథము 1803లోను వెలువడినవి. పాముకాటు విచారించుటకు కోర యొక్కటి కంటికి కనబడును. జెల్లీచేపకో, కోరలు లక్షలు. కంటి కొక్కటియు కానరాదు. దాని రహస్యము మంచి సూక్ష్మదర్శిని వచ్చువరకు నిలిచియుండక తప్పలేదు. 1849లో హక్స్‌లీ పండితుడు జెల్లీచేపలును వాని బంధువులును రెండే పొరలతో కట్టబడిన దేహములు గలవని నిరూపించెను. ఆ పొరలలో దారము చుట్టుకొన్న కణములు ఈ జాతులన్నిటికిని సామాన్యమని స్పష్టమైనది.

ఆ దంశకణమును కొంచెము నిదానించి చూడవలెను. దానిలోపల దంశకోశమను చిన్న బుడ్డి యొకటి కలదు. చర్మమును ఎముకను బిగించు మాంసకృత్తు వంటి పదార్థముతోనే దాని గోడ నేయబడినది. బుడ్డిలో బోలుదారము, లోపలికి ముడిచిన చొక్కాచేతివలె, చుట్టచుట్టుకొని యుండును. లోపలనున్న లవణముల బలముచే నీరు చొచ్చి, బుడ్డిలో సుమారు 150 వాతావరణముల ఒత్తిడి నిలుచును. మా గాజువాక ప్రక్కనున్న ఆటోనగర్‌లో లారీ టైరునకు గాలి కొట్టువారు ఎనిమిది వాతావరణములు దాటిరేని ప్రక్కవారు దూరముగ తొలగుదురు! దానికి పదునెనిమిదింతల ఒత్తిడిని ఈ కంటికానని బుడ్డి మోయుచున్నది. మీట తగిలిన తోడనే మూత తెరచుకొని, దారము లోపలిది బయటికి తిరుగుచు చర్మములో దిగి విషము వదలును. హైడ్రా కోశపు ముల్లు ఈ వేగమున సెకనులో నూరుకోట్ల వంతులలో 700 వంతులకు బయటపడుచున్నదని 2006లో జర్మను శాస్త్రజ్ఞులు అతివేగపు కెమేరాతో కొలిచిరి. ఒకమారు పేలిన కోశము మరల పనికిరాదు. దాని స్థానమున క్రొత్త కణము పుట్టును.

ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. 1942లో పాంటిన్ అను ఆంగ్లేయుడు సముద్రపుష్పములను పరీక్షించి, తాకిడియు, ఆహారపు రసాయనమును కలిసినచో దంశకణము తనంతట తానే పేలునని చూపెను. నాడులు దానిని కొంత హెచ్చుతగ్గులు చేయవచ్చునని తరువాత తెలిసినది గాని, పేల్చుటకు జంతువు ఆజ్ఞ యక్కరలేదు. కావుననే ఇసుకలో చచ్చి పడియున్న జెల్లీచేపయు, తెగిపడిన తంతువును కుట్టును. కోపమును పగయు మన కల్పనలే.

ఆ విషమునుండియే వైద్యశాస్త్రమునకు వేరొక గొప్ప సంగతి దొరకినది. 1901లో మొనాకో ప్రభువు ఓడపై పోర్టియే, రిషే యనువారు నీలిబుడగవలె తేలు ‘ఫైసేలియా’ విషమును శోధించిరి. ఇంటికి తిరిగివచ్చి సముద్రపుష్పముల విషముతో ఆ పని కొనసాగించిరి. మొదటి మోతాదునకు బ్రదికిన నెప్ట్యూను అను కుక్క, కొన్ని వారములకు మరల ఆ విషమే ఇచ్చినప్పుడు నిమిషములలో చచ్చెను. ముందటి పరిచయము రక్షణ కాక, ప్రాణాపాయమైనది! 1902లో దీనికి ‘అనాఫిలాక్సిస్’ అని పేరిడిరి. రిషేకు 1913లో నోబెలు బహుమానము వచ్చినది. నేడు కందిరీగ కాటుకు, మందులకు, పల్లీలకు కలుగు ప్రమాదములు ఆ పేరనే పిలువబడుచున్నవి.

మన రేవు 1933లో తెరువబడినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పండితులు ఆ రేవున కంబములకును ఓడల అడుగునకును అంటి పెరుగు జీవులను గూర్చి 1958లో పరిశోధనము ప్రకటించిరి. హైడ్రాకు బంధువులైన సన్నని జీవులు ఇట్టి చోటుల అంటుకొని పెరుగునవే. రేవులో పనిచేయువారికి దంశకణమనునది పుస్తకములోని మాట కాదు.

ఇక చికిత్స. మండినచోట ఇసుకతో రుద్దుట మన చదువుకొన్న కుటుంబములలోనే ఎక్కువగ చూచుచున్నాను. ఒంటికంటిన తంతువులో ఇంకను పేలని కోశములు వేలకొలది యుండును. రుద్దుట వానినన్నిటిని పేల్చుటయే. మూత్రము పోయుటయు నిష్ఫలము. తంతువును ఉత్తచేతితో గాక, పట్టుకారుతో మెల్లగ తీయవలెను. నీలిబుడగ కుట్టినచోట, చర్మము కాలనంత వేడినీటిలో, సుమారు 45 డిగ్రీలలో, ఇరువది నిమిషములు ఉంచుట బాధను తగ్గించునని పరీక్షలలో తేలినది. వినిగరు విషయమున జాతినిబట్టి పండితులలో భేదాభిప్రాయము కలదు. ఆస్ట్రేలియా పెట్టె జెల్లీచేపకు అది పేలని కోశములను ఆపునని 1980లో చూపబడినది గాని, ప్రతి జెల్లీచేపకు అదే మందని చెప్పరాదు. ముందొకమారు కుట్టించుకొన్నవానికి ముఖము వాచి, ఊపిరి సలుపకున్నచో ఇంటివైద్యము నిమిషమైనను తగదు. తిన్నగ ఆసుపత్రికి కొనిపోవలెను.